దారి లెక్క చెప్పిన డైక్‌స్ట్రా

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం వ్రాసి పంపమని సంపాదకవర్గం వారు కోరారు. దేశనాయకుల గురించి, సంగీత సాహిత్య వేత్తల గురించి వ్రాయడానికి నాకంటే సమర్థులు మన సంఘంలో ఉన్నారు. అందువలన నేను మన టెలికం శాఖలో ఏనాడూ పనిచేయని, మన హుజూర్‌నగర్ పేరైనా విని ఉండని ఒక హాలెండు దేశస్థుణ్ణి ఎంచుకున్నాను. ఆయన ఎడ్‌స్గర్ డైక్‌స్ట్రా గారు. ఇంజనీరింగు చదివిన మన పిల్లలకు ఆయన పేరు పరీక్షల పుణ్యమా అని కంఠస్థం. మనలో చాలామందికి పేరు కొత్త కావచ్చు గాని, ఉద్యోగజీవితం చివరి రోజుల్లో మనం ర్యాకుల్లో బిగించిన రూటరు పెట్టెల్లో చాలావాటిలో నడిచింది ఆయన లెక్కే.

డైక్‌స్ట్రా గారు 1930 మే 11న రాటర్‌డామ్ నగరంలో జన్మించారు. తండ్రి రసాయనశాస్త్రవేత్త, ఉపాధ్యాయుడు. తల్లి ఉద్యోగం చేయకపోయినా గణితంలో నిష్ణాతురాలు. ఆ పిల్లవాడికి సరిగ్గా పదేళ్లు నిండే ముందురోజున జర్మనీ సేనలు హాలెండు మీద పడ్డాయి. మరి నాలుగు రోజులకు రాటర్‌డామ్ నడిబొడ్డు బాంబులతో నేలమట్టమయింది. యుద్ధం ముగిశాక న్యాయశాస్త్రం చదివి ఐక్యరాజ్యసమితిలో తన దేశం తరఫున పనిచేయాలని ఆయన అనుకున్నారు. కాని సైన్సు, లెక్కల్లో వచ్చిన మార్కులు చూసి పెద్దలు అటు వెళ్లనివ్వలేదు. లైడన్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రంలో చేరారు.

1951లో తండ్రిగారు ఒక ప్రకటన చూశారు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో కంప్యూటరుకు ప్రోగ్రాము వ్రాయడం మూడు వారాలు నేర్పుతారట. కుర్రవాడు వెళ్ళి నేర్చుకువచ్చాడు. ఆ మూడు వారాలే జీవితాన్ని తిప్పాయి. 1952లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని గణితకేంద్రంలో ఉద్యోగం దొరికింది. అక్కడి పెద్ద వాన్ వైన్‌గార్డెన్ గారు. ఒకవైపు భౌతికశాస్త్రం, మరొకవైపు ప్రోగ్రాములు, రెండు పడవల ప్రయాణం కొంతకాలం సాగింది. ప్రోగ్రాములు వ్రాయడం గౌరవమైన వృత్తి అనిపించుకుంటుందా, దానికంటూ ఒక శాస్త్రం ఉందా అని బెంగపడి ఆయన తన పెద్దనే అడిగారు. ఇప్పటికి లేకపోవచ్చు, దాన్ని అలా నిలబెట్టేవారిలో నువ్వే ఒకడివి కాకూడదా అన్న అర్థం వచ్చేలా వాన్ వైన్‌గార్డెన్ గారు బదులిచ్చారు. ఒక పై అధికారి చెప్పిన మాట ఒక మనిషి బ్రతుకును ఎంత దూరం తీసుకుపోగలదో సర్వీసు చేసినవారికి వేరే చెప్పనవసరం లేదు. 1957లో రియా డెబెట్స్ గారితో వివాహం జరిగినప్పుడు రిజిస్టరులో వరుని వృత్తి ప్రోగ్రామరు అని వ్రాయించబోతే, అలాంటి వృత్తి లేదని అక్కడివారు ఒప్పుకోలేదు. భౌతికశాస్త్రవేత్త అని వ్రాయించి పెళ్లి కానిచ్చారు.

ఇక అసలు సంగతి పెళ్లికి ముందు సంవత్సరం జరిగింది. 1956లో గణితకేంద్రం వారు ఆర్మాక్ అనే కొత్త కంప్యూటరును ప్రారంభిస్తున్నారు. వచ్చే అతిథులు లెక్కలు తెలిసినవారు కారు. వారికి కూడా అర్థమయ్యే సమస్య ఒకటి యంత్రం చేత చేయించి చూపాలి. ఒక ఊరి నుంచి మరొక ఊరికి అన్నిటికంటే దగ్గర దారి ఏది? ఇది ఎవరికైనా అర్థమవుతుంది. ఆయన హాలెండు పటంలో 64 ఊళ్లు ఎంచుకున్నారు. ఊరి పేరుకు బదులు వేసే గుర్తు ఆరు బిట్లలో ఇమిడిపోవాలని ఆ 64. లెక్క చేసే పద్ధతి మాత్రం అంతకుముందే ఒకనాడు దొరికింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో రియా గారితో కలిసి అంగళ్లు తిరిగి, అలసిపోయి, ఒక కాఫీ హోటలు అరుగు మీద కూర్చున్నప్పుడు ఇరవై నిమిషాల్లో మనసులోనే తట్టింది. కాగితం లేదు, పెన్సిలు లేదు. చేతిలో పెన్సిలు లేకపోవడం వల్లనే అనవసరమైన చిక్కులన్నీ వాటంతట అవే తప్పిపోయాయని ఆయన తరువాతి కాలంలో చెప్పుకునేవారు.

ఆ పద్ధతిని మన ఊరి రోడ్ల మీద చెప్పుకుందాం. హుజూర్‌నగర్ నుంచి హైదరాబాదు పోవాలి. ఈ అంకెలు రోడ్ల శాఖ వారివి కావు, లెక్క తేలికగా నడవడానికి నేను వేసుకున్న సుమారు కిలోమీటర్లు. హుజూర్‌నగర్ నుంచి కోదాడ 18, మిర్యాలగూడ 40, సూర్యాపేట 45. కోదాడ నుంచి సూర్యాపేట 45. మిర్యాలగూడ నుంచి నల్గొండ 42. నల్గొండ నుంచి నార్కట్‌పల్లి 20. సూర్యాపేట నుంచి నార్కట్‌పల్లి 50. అక్కడ నుంచి హైదరాబాదు 85.

ఇరుగు పొరుగు మూడింటిలో అన్నిటికంటే దగ్గర కోదాడ. దాన్ని 18 దగ్గర ఖాయం చేసెయ్యండి. ఇక దాని వంక చూడనక్కరలేదు. ఎందుకంటే మిర్యాలగూడ మీదుగానో, సూర్యాపేట మీదుగానో తిరిగి కోదాడ చేరితే ముందే 40 దాటిపోతుంది. కోదాడ మీదుగా సూర్యాపేట 63 అవుతుంది, మన చేతిలో ఉన్నది 45, కాబట్టి 45నే ఉంచాలి. మిగిలినవాటిలో తక్కువ మిర్యాలగూడ 40, ఖాయం. దాని మీదుగా నల్గొండ 82. తరువాత సూర్యాపేట 45, ఖాయం. దాని మీదుగా నార్కట్‌పల్లి 95. తరువాత నల్గొండ 82, ఖాయం. దాని మీదుగా నార్కట్‌పల్లి 102, చేతిలో ఉన్న 95 కంటే ఎక్కువ, వదిలెయ్యండి. నార్కట్‌పల్లి 95, ఖాయం. హైదరాబాదు 180. పని అయిపోయింది. ఎప్పుడూ ఖాయం కాని ఊళ్లలో అన్నిటికంటే దగ్గరదాన్ని ఖాయం చేయడం, దాని మీదుగా దాని పొరుగు ఊళ్ల లెక్క సరిదిద్దుకోవడం, అంతే పద్ధతి. ఒకసారి ఖాయం చేసిన ఊరి దగ్గరకు మళ్లీ రావలసిన పని లేదు. అయితే ఏ రోడ్డుకూ సున్నాకంటే తక్కువ దూరం ఉండకూడదు. ఈ ఒక్క షరతు తప్పితే పద్ధతి చెడుతుంది.

ఇది ఇంత తేలికగా ఉండటం వల్లనేమో, ఆయన దీన్ని వెంటనే అచ్చుకు కూడా పంపలేదు. 1959లో ఒక గణిత పత్రిక మొదటి సంపుటంలో మూడు పుటల వ్యాసంగా వెలువడింది. ఆ మూడు పుటల్లోనే ఇంకొక సమస్య కూడా ఉంది. అన్ని స్థానాలనూ కలుపుతూ మొత్తం తీగ అతి తక్కువ పట్టేటట్లు ఎలా కలపాలి అన్నది. యంత్రం వెనుక పలకలో రాగి తీగ ఆదా చేయడానికి పుట్టిన ప్రశ్న అది. లైన్‌మన్ మిత్రులకు ఇది బాగా నచ్చుతుందని నా నమ్మకం.

ఆయన వ్రాసిన కాలానికి రూటర్లు లేవు. 1969లో అమెరికాలో ఆర్పానెట్ అనే కంప్యూటర్ల వలయం మొదలయినప్పుడు దారి ఎంచుకునే పద్ధతి వేరు. అది రిచర్డ్ బెల్‌మన్ గారి పేరుతో పిలిచే పద్ధతి. ప్రతి స్టేషనూ తన పొరుగువారిని మాత్రమే అడుగుతుంది. నీ దగ్గర నుంచి ఫలానా ఊరు ఎంత దూరం? పొరుగువాడు చెప్పిన అంకెకు వాడి దాకా తన దూరం కలుపుకుని, ఎవరి మాట తక్కువ వస్తే వారి వైపు పంపుతుంది. పటం ఎవరి దగ్గరా ఉండదు. అంతా చెప్పుడు మాటల మీద వ్యవహారం.

దీనిలోని ఇబ్బంది మనకు తెలియనిది కాదు. నేను చిన్న ఎక్స్ఛేంజి ఒకదానిలో ట్రంకు బోర్డు మీద పనిచేసే రోజుల్లో, ఒక వానరాత్రి హైదరాబాదుకు లైట్నింగ్ కాల్ బుక్కయింది. తండ్రికి ఊపిరి ఆడటం లేదు, కొడుకుకు కబురు చెప్పాలి. మామూలు దారి పోయింది. పొరుగు ఎక్స్ఛేంజి ఆపరేటరును అడిగితే తమ వైపు నుంచి దారి బాగానే ఉందన్నాడు. అతను అబద్ధమాడలేదు. గంట క్రితం బాగానే ఉంది. అప్పటికి అతని పైవాడి లైను కూడా పోయింది, ఆ సంగతి అతనికి ఇంకా చేరలేదు. అరగంట ఆ దారినే పట్టుకుని వేలాడాము. చివరకు మూడవ వైపు తిప్పితే కాల్ కలిసింది. కొడుకు తెల్లవారేసరికి వచ్చాడు, తండ్రిని చూసుకున్నాడు. ఆ అరగంట మాత్రం నేను మరిచిపోలేదు.

యంత్రాల్లో ఇది ఇంకా వింతగా జరుగుతుంది. మట్టంపల్లి లైను హుజూర్‌నగర్ దగ్గర తెగిందనుకోండి. కోదాడ మాత్రం, మట్టంపల్లి నా నుంచి రెండు అంచెలే అంటుంది. ఆ రెండు అంచెలూ హుజూర్‌నగర్ మీదుగానే అని అది చెప్పదు. హుజూర్‌నగర్ నమ్మి, అయితే నాకు మూడు అంటుంది. అది విని కోదాడ, అయితే నాకు నాలుగు అంటుంది. ఇద్దరూ ఒకరినొకరు నమ్ముకుంటూ అంకె పెంచుకుంటూ పోతారు. మధ్యలో సరుకు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. రిప్ అనే పాత పద్ధతిలో ఈ లెక్క 16 దగ్గరకు రాగానే దారి లేదని తీర్మానించుకునేవారు. ఎక్కడో ఒకచోట ఆపాలి కదా!

1979లో ఆర్పానెట్ వారు ఆ పద్ధతిని మార్చారు. కొత్త ఏర్పాటులో ఏ స్టేషనూ దూరపు ఊళ్ల సంగతి చెప్పదు. తన గడప ముందున్న లైన్లు ఎలా ఉన్నాయో అదొక్కటే చెబుతుంది. ఆ కబురు మాత్రం ఊరూరా అందరికీ చేరుతుంది. అందరి కబుర్లూ కలిపి ప్రతి స్టేషనూ తానే పూర్తి పటం గీసుకుంటుంది. ఆ పటం మీద కాఫీ హోటలు అరుగు మీద పుట్టిన లెక్క వేసి తన దారి తానే ఎంచుకుంటుంది. అందరి పటమూ ఒకటే, అందరి లెక్కా ఒకటే గనుక ఒకరి నిర్ణయం మరొకరి నిర్ణయంతో పోట్లాడదు. 1989లో వెలువడిన ఓఎస్‌పీఎఫ్ అనే పద్ధతి ఈ దారిలోనిదే. ఒక సంస్థ సొంత వలయం లోపల నడిచే రూటర్లలో ఇది, దీని సాటిదయిన ఐఎస్-ఐఎస్ బాగా వాడుకలో ఉన్నాయి. సంస్థకూ సంస్థకూ మధ్య దారులకు వేరే పద్ధతి ఉంది. అక్కడ దూరం కంటే ఒప్పందాలు, డబ్బు ఎక్కువ మాట్లాడతాయి.

లెక్క సరైనదయితే చాలదు, కబురు కూడా సరైనదయి ఉండాలి. 1980 అక్టోబరు 27న ఆర్పానెట్ కొన్ని గంటలపాటు మొత్తం స్తంభించిపోయింది. ప్రతి కబురుకూ ఒక వరుస సంఖ్య ఉంటుంది, కొత్త సంఖ్య వస్తే పాతది తీసివేయాలి. ఆ సంఖ్యకు ఆరు బిట్లు, 63 దాటితే మళ్లీ సున్నా. హాలెండు ఊళ్లకు సరిపోయిన ఆ ఆరు బిట్లే ఇక్కడ కొంప ముంచాయి. ఒక యంత్రంలో లోపం వల్ల బిట్లు రాలిపోయి ఒకే స్టేషను పేరు మీద 8, 40, 44 అనే మూడు కబుర్లు బయలుదేరాయి. 8 కంటే 40 కొత్త, 40 కంటే 44 కొత్త, గుండ్రంగా తిరిగి వస్తే 44 కంటే 8 కొత్త! ప్రతి స్టేషనూ ఒకదాని మీద ఒకటి కొత్తదని వ్రాసుకుంటూ, పొరుగుకు పంపుతూ వేరే పని ముట్టుకోలేకపోయింది. ఒక ఆఫీసుకు మూడు సర్క్యులర్లు వచ్చి, ప్రతిదీ రెండవదాన్ని రద్దు చేస్తున్నానంటే గుమాస్తా గతి ఏమిటో ఊహించుకోండి. చివరకు ఆ ఒక్క స్టేషను కబుర్లు ఎవరూ వినరాదని అన్నిటికీ చెప్పి బాగుచేశారు.

విచిత్రమేమిటంటే ఈ జబ్బుకు మందు వెదికే దారి కూడా డైక్‌స్ట్రా గారే అంతకు ఆరేళ్ల ముందు, 1974లో, ఒక చిన్న వ్యాసంలో చూపించారు. చాలా యంత్రాలు కలిసి పనిచేసే ఏర్పాటు ఏ కారణం చేతనైనా ఎంత గందరగోళపు స్థితిలోకి జారినా, ఎవరూ వచ్చి సరిచేయకుండానే కొన్ని అడుగుల్లో దానంతటది సరైన స్థితికి వచ్చేలా నియమాలు పెట్టవచ్చునని ఆయన చూపారు. వ్రాసినప్పుడు పట్టించుకున్నవారు తక్కువ. రేడియా పెర్ల్‌మన్ అనే అమెరికా ఇంజనీరమ్మ 1983లో దారి కబుర్లు అలా తమంతట తాము కోలుకునే పద్ధతిని తయారుచేశారు. రూటరు కంటే క్రింది మెట్టున ఉండే స్విచ్చికి దారి పద్ధతి చెప్పింది కూడా ఆమెయే, 1985లో. స్విచ్చికి పటం లేదు. రెండు దారులు తెరిచి ఉంటే ఒకే కబురు గుండ్రంగా తిరిగి వలయాన్ని ముంచేస్తుంది. అందుకని స్విచ్చిలన్నీ ఒకరిని పెద్దగా ఎన్నుకుని, ఆ పెద్ద దగ్గరకు తక్కువ ఖర్చయ్యే దారి ఒక్కటి ఉంచి, మిగిలినవాటిని మూసి పెడతాయి. ఉన్నది తెగినప్పుడు మూసినది తెరుస్తాయి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. దారులు ఎంచే పని పూర్తిగా యంత్రానిదే అని మన పిల్లలు అనుకుంటారు. ఆ లెక్కలో కిలోమీటర్ల స్థానంలో ఉండే ఖర్చు అనే అంకెను వేసేది మనుషులే. సిస్కో కంపెనీ రూటర్లలో ఓఎస్‌పీఎఫ్‌కు వాడుకగా ఉన్న లెక్క, సెకనుకు పది కోట్ల బిట్లను లైను వేగంతో భాగించడం. మనకు అలవాటయిన 64 కిలోబిట్ల లైనుకు ఖర్చు 1562, రెండు మెగాబిట్ల ఈ-1 లైనుకు 48, వంద మెగాబిట్ల లైనుకు 1. మరి గిగాబిట్ ఫైబరు వేస్తే? దానికీ 1 మాత్రమే, ఒకటి కంటే తక్కువ లేదు గనుక. ఇంజనీరు ఆ పది కోట్లను పెంచి పెట్టకపోతే, పదింతలు వెడల్పయిన దారి కళ్లెదుట ఉన్నా రూటరుకు రెండూ ఒకటే. ఖర్చు సమానమైతే సరుకును రెండింటి మీదా పంచి పంపుతుంది. మన రోడ్ల మాటే తీసుకోండి. సూర్యాపేటకు నేరుగా 45 కిలోమీటర్లు దగ్గరే. జాతీయ రహదారి నాలుగు వరుసలయ్యాక, దూరమయినా కోదాడ మీదుగా తిరిగి పోయే కారువాళ్లున్నారు. వారి ఖర్చు కిలోమీటర్లలో లేదు. డైక్‌స్ట్రా గారి పద్ధతి ఇద్దరికీ సరైన జవాబే చెబుతుంది, ఏ ఖర్చు వేసి అడిగామన్నదే తేడా.

ఇంకొకటి. ఈ లెక్కకు ముందే రూటరు గమ్యపు చిరునామాను ఎంత పొడుగున సరిపోల్చగలదో చూసుకుంటుంది. ఇది మన ఎస్టీడీ కోడ్లలాంటిదే. 868 అని మొదలయితే పాత నల్గొండ జిల్లా వైపు. ఇంకో అంకె తెలిస్తే 8683 హుజూర్‌నగర్, 8684 సూర్యాపేట, 8689 మిర్యాలగూడ. ఎక్కువ అంకెలు కలిసిన దారికే మొదటి మర్యాద, అది దూరమయినా సరే. 2008 ఫిబ్రవరి 24న పాకిస్తాన్ టెలికం వారు తమ దేశంలో యూట్యూబును ఆపాలని ఇలాగే ఎక్కువ అంకెల చిరునామా ఒకటి ప్రకటించారు. అది పొరపాటున సరిహద్దు దాటి, లోకంలో చాలాచోట్ల సరుకంతా అటే మళ్లింది. దాదాపు రెండు గంటలు యూట్యూబు కనబడలేదు.

డైక్‌స్ట్రా గారికి ఈ దారి లెక్క తన పనులన్నిటిలోకి చిన్నది. 1960లో మిత్రుడు జోనెవెల్డ్ గారితో కలిసి ఆల్గాల్ భాషకు అనువాదకం తయారుచేస్తూ, పని పూర్తయ్యేదాకా గడ్డం గీయరాదని ఇద్దరూ ఒట్టు పెట్టుకున్నారు. పని అయ్యాక జోనెవెల్డ్ గారు గీసుకున్నారు, ఈయన చివరిదాకా ఉంచుకున్నారు. 1962లో ఐండ్‌హోవెన్‌లో ఆచార్యులయ్యారు. ఒకే యంత్రంలో అనేక పనులు ఒకదాని కాలు ఒకటి త్రొక్కకుండా నడవడానికి సెమాఫోర్ అనే ఏర్పాటు కనిపెట్టారు. రైల్వే సిగ్నలు రెక్కకు ఉన్న పేరే అది. 1972లో కంప్యూటర్ల రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం పొందారు. తరువాత పదేళ్లకు పైగా బరోస్ కంపెనీ కొలువులో ఉంటూ, నూనెన్ అనే చిన్న ఊరిలో ఇంట్లోనే కూర్చుని పనిచేశారు. 1984లో అమెరికాలోని ఆస్టిన్‌కు వెళ్ళి 1999లో పదవీ విరమణ చేశారు.

ప్రోగ్రామును నడిపి చూసి తప్పులు పట్టుకోవడం ఆయనకు గిట్టేది కాదు. ముందే సరైనదని ఋజువు చేసి వ్రాయాలనేవారు. కొందరికి ఆయన నాలుక మరీ పదునుగా తోచేది. నిజమే కావచ్చు, అయితే లైను వేశాక వెదకడం కంటే ముందు పటం చూసుకోమనే జూనియర్ ఇంజనీరు కూడా మనకు అప్పట్లో అలాగే కనిపించేవాడు.

కంప్యూటర్ల శాస్త్రానికి పునాదులు వేసిన ఈ పెద్దమనిషి తన వ్యాసాల్లో చాలావాటిని ఫౌంటెన్ పెన్నుతో, ముత్యాలవంటి దస్తూరీతో వ్రాసేవారు. ప్రతిదానికీ తన పొడి అక్షరాలు, ఒక వరుస సంఖ్య. అలా 1300కు పైగా. వాటిలో చాలావాటిని అచ్చుకు ఇవ్వకుండా, జిరాక్సులు తీసి కొద్దిమంది మిత్రులకు పంపేవారు. వారు మళ్లీ జిరాక్సు తీసి తమవారికి పంపేవారు. అలా చేతులు మారుతూ అవి దేశదేశాలు చేరాయి. రూటర్లు ఒకదానికొకటి పటం కబుర్లు పంపుకునే పద్ధతీ అచ్చంగా ఇదే.

2002 మొదట్లో జబ్బుతో నూనెన్ తిరిగి వచ్చి, ఆగస్టు 6న క్యాన్సరుతో కన్నుమూశారు. వయస్సు 72. 1974 నాటి ఆ చిన్న వ్యాసానికి అదే సంవత్సరం ఒక పురస్కారం ప్రకటించారు. మరుసటి సంవత్సరం నుంచి ఆ పురస్కారాన్నే ఆయన పేరుతో పిలుస్తున్నారు.

1959 నాటి మూడు పుటల వ్యాసం జిరాక్సు ఒకటి నా దగ్గర ఉంది. కావలసిన మిత్రులు సంఘం నెలవారీ సమావేశంలో అడిగి తీసుకుని, మరొక కాపీ తీయించి కోదాడ, మిర్యాలగూడ సభ్యులకు పంపగలరు.